మొద్దుబారిన మాట

సోమవారం పదకొండు గంటలకల్లా నడుం నొప్పివాళ్లు ఆరుగురు డాక్టరు గదిలోకి వెళ్లి బయటికొచ్చారు. ఒక్కరి చేతిలోనూ మందులచీటీ లేదు. అందరి చేతుల్లోనూ ఒకటే కాగితం. దానిమీద మూడు బొమ్మలు: వెల్లకిలా పడుకున్న మనిషి, మోకాళ్లు ముడిచిన మనిషి, నడుస్తున్న మనిషి.

మందుల షాపాయన ఆరోవాడి చేతిలోంచి ఆ కాగితం తీసుకుని వెనక్కి తిప్పి చూశాడు. వెనక ఖాళీ.

"ఇంతేనా?"

"ఇంతేనండీ. మంచానికి అంటుకుపోవద్దంది. నడవమంది. రెండు మూడు వారాల్లో దానంతటదే తగ్గుతుందట."

"దానంతటదే తగ్గేదానికి డాక్టరెందుకయ్యా?"

"నేనూ అదే అడిగాను. నవ్వింది."

షాపుకీ క్లినిక్కీ మధ్య ఒకటే గోడ. ఆ గోడకి రెండడుగుల కిటికీ. అవతల రోగులు కూర్చునే హాలు, ఇవతల అతని కౌంటరు. పెద్ద డాక్టరు ఉన్నన్నాళ్లూ ఆ కిటికీలోంచి చీటీలు వస్తూనే ఉండేవి. నడుం నొప్పి అంటే చాలు, ఒక ఇంజక్షను, రెండు రకాల బిళ్లలు, ఒక బెల్టు, ఐదు రోజుల పడక. మూడు నెలల కిందట పెద్దాయన కుర్చీ దిగి కోడల్ని కూర్చోబెట్టాడు. అప్పటినుంచి బెల్టుల డబ్బాలు పై అరలో దుమ్ము తింటున్నాయి.

అతనికి వ్యాపారం నేర్పిన నీతి ఒకటుంది. ఎవరూ తన లాభాన్ని ఊరికే వదులుకోరు. వదిలేసినట్టు కనిపించారంటే ఇంకో చోట అందుకుంటున్నారని అర్థం. ఈ అమ్మాయి ఎక్కడ అందుకుంటోందో అతనికి అంతుపట్టలేదు.

మధ్యాహ్నం షాపు అక్కకి అప్పగించి వీధి చివర వ్యాయామాల సెంటరుకి వెళ్లాడు. గుమ్మం దగ్గర చెప్పులు లెక్కపెట్టాడు. నాలుగు జతలు. లోపల కుర్రాడు ఒక ముసలాయన భుజం తిప్పిస్తున్నాడు.

"మా డాక్టరమ్మ రోజుకి ఎంతమందిని పంపుతోంది?" అని అడిగాడు, ఏదో బంధువుల క్షేమం అడిగినట్టు.

"మీ డాక్టరమ్మా? ఒక్కణ్ణి పంపిస్తే ఒట్టు! మీరే కాస్త చెప్పి పంపించకూడదూ?"

తిరిగొచ్చేటప్పుడు ఇంకో అనుమానం పట్టుకుంది. షాపు గది క్లినిక్కు వాళ్లదే. అద్దె కాగితం ఏడాదికోసారి తిరగరాస్తారు. బేరాలు లేక తనంతట తనే ఖాళీ చేసిపోవాలని చూస్తోందేమో.

"ఆ పిల్లకి నీ కొట్టెందుకురా?" అంది అక్క. ఆమె వెనక గోడ దగ్గర ఇనప స్టూలు మీద కూర్చుని మందుల కవర్ల మీద పూటలు రాస్తోంది: పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. రెండేళ్లుగా ఆమె పని అదే. అక్షరం గుండ్రంగా ఉంటుంది. "మందుల్లేని కాగితం ఇచ్చి పంపుతుంటే నీకు కడుపు మండుతోంది. అంతే."

"నీకేం తెలుసు."

"నా నడుం సంగతి నాకు తెలుసు. శనివారం నీ సెలైన్ సీసాల పెట్టె ఎత్తానా, అప్పట్నుంచీ పట్టేసింది."

"అర నిండా మందులే కదా. వేసుకో."

ఆమె వేసుకుంది.

మంగళవారం లారీ డ్రైవరు ఒకడు వచ్చాడు. అతని చీటీ మీద మూడు వరుసలున్నాయి. నరాల బిళ్లలు, నొప్పి బిళ్లలు, అడుగున స్కానింగు. షాపాయన చీటీని కౌంటరు మీద పరిచి అరచేత్తో సాపు చేశాడు.

"లోపల ఏం చెప్పావు?"

"ఏం చెప్పానంటే... నడుం నొప్పన్నాను. కుడికాలు మొద్దుబారిందన్నాను. సూదితో గుచ్చి చూసింది. పాదం ఎత్తమంది. ఎత్తలేకపోయాను."

"మొద్దుబారింది అన్నావా?"

"మరి మొద్దుబారితే ఏమంటాం?"

షాపాయన బిళ్లలు లెక్కపెడుతూ ఆ మాటని నోట్లోనే తిప్పుకున్నాడు. తాళం ఒకటే, చెవి మనకి తెలియలేదు, అంతే. పెద్దాయన 'నడుం నొప్పి' అంటే రాసేవాడు. కోడలు 'మొద్దుబారింది' అంటే రాస్తుంది. ధర పెరిగింది తప్ప సరుకు అదే.

బుధవారం పొద్దున హాల్లో లాయరు గుమాస్తా ఒకడు గోడకి చేరబడి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. షాపాయన కిటికీలోంచి వేలితో పిలిచాడు.

"ఎన్నో నంబరు?"

"పన్నెండు."

"నడుమేనా? కాలు మొద్దుబారిందని చెప్పు. లేకపోతే బొమ్మల కాగితం చేతిలో పెట్టి పంపిస్తుంది."

"ఏ కాలండీ?"

"ఏదో ఒకటి. లోపలికెళ్లాక మాత్రం మార్చకు."

గుమాస్తా చీటీతో వచ్చాడు. దండం పెట్టినంత పనిచేశాడు. నొప్పితో వచ్చినవాడు వట్టిచేతులతో పోవడం ఎవరికి ఇష్టం? తను అబద్ధం నేర్పుతున్నానని షాపాయనకి అనిపించలేదు. అడిగేవాడికి అడగడం నేర్పుతున్నాను అనుకున్నాడు.

సాయంత్రానికి ఇంకొకడు తొడ రుద్దుకుంటూ వచ్చాడు. "సూది గుచ్చింది షాపాయనా. అబ్బా అన్నాను. మొద్దుబారిన కాలు అరుస్తుందా అంది. ఏమీ రాయలేదు."

ఆ పూట నుంచి పాఠం మారింది. సూది గుచ్చితే పళ్లు బిగించాలి. పాదం ఎత్తమంటే సగమే ఎత్తాలి. ఇంకో ప్రశ్న కూడా అడుగుతోందని తెలిసింది. మూత్రం సరిగ్గా అవుతోందా, కూర్చునే చోట స్పర్శ ఉందా అని. గురువారం ఒక ఇల్లాలు అది కూడా కలిపి చెబితే పోలా అనుకుని తేడాగా ఉందని చెప్పింది. డాక్టరు ఆమెని ఉన్నపళంగా పెద్దాసుపత్రికి పంపేసింది. ఒక్క బిళ్ల కూడా షాపులో కొనకుండా ఆమె ఆటో ఎక్కి వెళ్లిపోయింది. అక్కడ రోజంతా పరీక్షలు చేసి, ఏమీ లేదు పొమ్మన్నారట.

"అది మాత్రం వద్దు," అని అతను తర్వాతవాళ్లకి చెప్పాడు. "మూత్రం అడిగితే బాగానే ఉందనండి. కాలు వరకే. కాలు దాటొద్దు."

వెనక స్టూలు మీద అక్క కవర్లు రాస్తూ ముసిముసిగా నవ్వింది. "బడి పెట్టరా. ఫీజు కూడా తీసుకో."

శుక్రవారం టైల్స్ మేస్త్రీ వచ్చాడు. రెండు రోజుల కిందట ఈ కిటికీ దగ్గరే పాఠం విని వెళ్లినవాడు. చేతిలో స్కానింగు ఫిల్ము, నడుముకి బెల్టు. సంచీ భార్య మోస్తోంది.

"డిస్కు అరిగిందంట షాపాయనా. రెండు చోట్ల. ఫిల్ములో నల్లగా కనబడుతోంది."

"డాక్టరమ్మ ఏమంది?"

"నీ వయసులో సగంమందికి ఇలాగే ఉంటుంది, పనిలోకి పో అంది. తన నడుం కాదుగా. ఇంక నేలకి వంగి పలక వెయ్యను. కాంట్రాక్టరుకి చెప్పేశాను."

భార్య సంచీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. షాపాయన చిల్లర ఇచ్చి తరవాత మనిషిని పిలిచాడు. సరుకు అమ్మినవాడు కొన్నవాడి ఇంటిదాకా వెళ్లడు.

ఆ రోజు నుంచి డాక్టరులో ఒక మార్పు కనిపించింది. కిటికీలోంచి చూస్తే తలుపు సందులో ఆమె బల్ల కొంచెం కనబడేది. ఇదివరకు రోగి మాట్లాడుతుంటే కలం పక్కన పెట్టి వినేది. ఇప్పుడు కలం చేతిలోనే ఉంటోంది. సూది పెట్టె మూత తియ్యడం మానేసింది. ఒక్కొక్కరు ఐదు నిమిషాల్లో బయటపడుతున్నారు, బొమ్మల కాగితంతో. మళ్లీ ఏదో పసిగట్టింది అనుకున్నాడు షాపాయన. ఇంకో మాట వెతకాలి.

సోమవారం పొద్దున షట్టరు ఎత్తుతుంటే అక్క రావడం ఆలస్యమైంది. గోడ పట్టుకుని వచ్చింది. స్టూలు మీద కూర్చుని, కవర్ల కట్ట ఒళ్లో పెట్టుకుని, చాలాసేపు కలం తియ్యలేదు.

"ఒరేయ్, నా కాలు మొద్దుబారిందిరా."

అతను పకపకా నవ్వాడు. "నా సరుకు నాకే అమ్ముతున్నావా?"

"నిజంరా. రెండు కాళ్లూ. నిన్న సాయంత్రం నుంచి. కూర్చుంటే కింద స్టూలు ఉన్నట్టు తెలియడం లేదు."

"పాఠం బాగా వంటబట్టింది. సూది గుచ్చితే మాత్రం నోరు తెరవకు."

ఆమె కవర్ల కట్ట పక్కన పెట్టింది. నిన్న ఆదివారం షాపు మూసి ఉంది కదా, ఆమెకి మళ్లీ పనిలోకి రావడం బద్ధకమై ఉంటుంది అని అతను లెక్క వేసుకున్నాడు. అక్క అబద్ధం ఆడదని అతనికి తెలుసు. కానీ నాలుగైదు రోజులుగా ఆ మాటని ఎంతమంది నోట పెట్టాడో, ఎవరి నోట విన్నా అది తను ఇచ్చినదే అనిపిస్తోంది.

పది గంటలకి ఆమే లేచి వెళ్లి టోకెను తీసుకుంది. పదకొండుకి తిరిగొచ్చింది. చేతిలో బొమ్మల కాగితం.

"చూశావా? నీకే రాయలేదు," అన్నాడు.

"నన్ను ముట్టుకోనే లేదురా. మొద్దుబారింది అనగానే నా మొహం వైపు చూసి, 'మీరు కూడానా అండీ' అంది. పక్క షాపు మనిషిననేమో." ఆమె కాగితం మడతపెట్టింది. "మూత్రం అదీ అడిగింది. నువ్వు చెప్పినట్టే బాగానే ఉందన్నాను. తలుపు దగ్గర టోకెన్లావిడ నిలబడి వింటోంది. ఇంకేమంటాం?"

ఎవరో దగ్గుమందు అడిగారు. అక్క పై అర అందుకోవడానికి బల్ల పట్టుకుని లేచింది. షాపాయన చిల్లర కోసం సొరుగు వైపు తిరిగి, స్టూలు చూశాడు.

స్టూలు తడిగా ఉంది. అంచు మీదుగా నేల మీదికి బొట్లు పడుతున్నాయి.

నీళ్ల సీసా ఒలికిందనుకున్నాడు. సీసా కౌంటరు మీదే ఉంది, మూత బిగించి ఉంది. వేలు పెట్టి చూశాడు. వెచ్చగా ఉంది. అక్క చీర వెనకవైపు అంచు దాకా తడిసి ఒంటికి అంటుకుంది. ఆమె దగ్గుమందు సీసా మీద గడువు తేదీ చూస్తూ నిలబడింది. తాపీగా.

"అక్కా."

"ఆఁ?"

"నీకు తెలియడం లేదా?"

"ఏంటి?"

అతను కౌంటరు మీద ఉన్న తువ్వాలు తీసి ఆమె నడుం చుట్టూ కప్పాడు. కొనడానికి వచ్చినవాణ్ణి పొమ్మన్నాడు. అప్పుడు ఆమె కిందకి చూసుకుంది. మొహం మారింది. సిగ్గు కాదు. కొట్టులో దొంగ పడ్డాడని తెలిసినప్పుడు మనిషి మొహం ఎలా ఉంటుందో అలా.

"ఎప్పుడు పోయిందిరా?" అంది.

అతను షాపు గడప దాటి హాల్లోకి నడిచాడు. తలుపు దగ్గర టోకెన్లావిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"లోపల పేషెంటున్నారు. షాపాయనైనా సరే, లైన్లో రావాలి."

అతను ఆమె చెయ్యి కింద నుంచి దూరాడు. వ్యాపారం మొదలుపెట్టిన ఇన్నేళ్లలో ఒకరి గదిలోకి అలా వెళ్లడం ఇదే మొదటిసారి. లోపల ఒక పెద్దాయన చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. డాక్టరు కలం ఆపి తలెత్తి చూసింది.

"మా అక్క చెప్పింది నిజం," అన్నాడు.

"ఏది?"

"మొద్దుబారింది. మిగిలినవాళ్లందరికీ నేనే నేర్పాను. ఆ కిటికీ దగ్గర నిలబెట్టి, ఒక్కొక్కరికి. సూదికి ఎలా ఓర్చుకోవాలో కూడా నేనే చెప్పాను. ఆవిడకి నేర్పలేదు. మూత్రం బాగానే ఉందనడం మాత్రం నా దగ్గర విన్నదే. బాగా లేదు. ఇప్పుడు కూర్చున్నచోటే అయిపోయింది. ఆవిడకి తెలియలేదు."

పెద్దాయన గుండీ దగ్గర ఆగిపోయాడు. గుమ్మంలో టోకెన్లావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. హాల్లో బెంచీల మీద ఉన్నవాళ్లకి కూడా వినపడే ఉంటుంది. అతను గొంతు తగ్గించలేదు. తగ్గిస్తే ఇదీ ఇంకో బేరమేమో అని ఆమె అనుకోవచ్చు.

"నాకు తెలుసు," అంది డాక్టరు. "గురువారం నుంచి తెలుసు. పదిహేడుమంది ఒకటే వాక్యం, ఒకటే వరసలో చెబితే ఎవరికి తెలియదు? రోజూ రాయిమీద కొడితే కత్తి కూడా మొద్దుబారుతుంది." అంటూనే లేచింది. సూది పెట్టె తీసుకుంది. "ఎక్కడున్నారు ఆవిడ? నడవనివ్వకండి. కుర్చీలో తీసుకురండి."

తెర లాగేశారు. అతన్ని బయట నిలబెట్టారు. తెర కింద నుంచి డాక్టరు చెప్పులు కనబడుతున్నాయి, కదలకుండా.

"ఇక్కడ తెలుస్తోందా?"

"ఆఁ, తెలుస్తోందమ్మా."

"ఇక్కడ?"

"కొంచెం."

తెర కింద చెప్పులు ఒక అడుగు పక్కకి జరిగాయి.

"ఇక్కడండీ?"

"ఎక్కడమ్మా?"

"ఇప్పుడు గుచ్చుతున్నాను."

"గుచ్చుతున్నారా?" అంది అక్క.

డాక్టరు బయటికొచ్చి చేతులు కడుక్కోలేదు. ఫోను అందుకుని పెద్దాసుపత్రిలో ఎవరితోనో పొట్టి పొట్టి మాటల్లో మాట్లాడింది. నిలబడే ఉత్తరం రాసింది. డిస్కు ముక్క జారి, అడుగున ఉన్న నరాల కట్టనంతా నొక్కేస్తోంది. ఇవాళే ఆపరేషను చెయ్యాలి. ఇది గంటల్లో లెక్క అని చెప్పింది.

"చేస్తే పూర్తిగా వస్తుందా మేడమ్?"

"చెప్పలేను." ఉత్తరం మడిచి ఇస్తూ అతని వైపు చూసింది. అతను తిట్లకి సిద్ధపడే ఉన్నాడు. తిట్టుంటే లెక్క కొంత తేలేది. "పదకొండుకి నా ఎదురుగా కూర్చున్నారు ఆవిడ," అంది. "రెండు నిమిషాల పని. మిమ్మల్ని చూసి ఆవిణ్ణి చూడలేదు నేను."

ఆపరేషను ఆ సాయంత్రమే అయింది. వార్డులో పన్నెండు మంచాలు. అక్కది కిటికీ పక్కది. మూత్రం గొట్టం మంచం కింద సంచీలోకి దిగింది. షాపాయన రెండు రోజులు ఆ సంచీ నిండడం చూస్తూ స్టాండు పక్కన కూర్చున్నాడు. డాక్టరు రోజూ పొద్దున ఫోను చేసి ఒక్క ప్రశ్న అడిగేది. "కూర్చునే చోట తెలుస్తోందా?" అతను ఫోను అక్కకి ఇచ్చేవాడు. తను జవాబు చెప్పేవాడు కాదు.

టోకెన్లావిడ పండ్లు పట్టుకుని చూడటానికొచ్చింది. గోడలో కిటికీకి చెక్క కొట్టించేశారని చెప్పింది. హాల్లో విన్నవాళ్లు ఊరంతా చెప్పుకుంటున్నారని కూడా చెప్పింది. మేస్త్రీ భార్య వచ్చి కౌంటరు ముందు కాసేపు నిలబడి, షట్టరు చూసి వెళ్లిపోయిందట.

"ఏమైనా అందా?" అని అడిగాడు.

"ఏమీ అనలేదు. మూసి ఉందా అని మాత్రం అడిగింది."

అతను అద్దె కాగితం సంగతి అడగలేదు.

"మొహం అలా పెట్టకురా," అంది అక్క, టోకెన్లావిడ వెళ్లాక. "ఎత్తింది నేను. పెట్టెలో పన్నెండు సీసాలున్నాయని తెలిసీ ఎత్తాను."

"నువ్వు చెబితే నవ్వాను."

"నవ్వావు." ఆమె దుప్పటి అంచు సరిచేసుకుంది. "నేనూ వారమంతా నవ్వాను కదా, నీ బడి చూసి."

మూడో రోజు పొద్దున గొట్టం తీసేశారు. నాలుగైదు గంటల్లో తనంతట తను పోయగలిగితే మంచిది, లేకపోతే మళ్లీ గొట్టమే. అది ఎన్నాళ్లో ఎవరూ చెప్పలేరని సర్జను చెప్పి వెళ్లాడు. అక్క నీళ్లు తాగింది. మళ్లీ తాగింది. పది దాటింది. పదకొండు దాటింది. ఆమె కళ్లు మూసుకుని, దూరంగా ఎవరో పిలుస్తుంటే వింటున్నట్టు పడుకుంది.

పదకొండున్నరకి లేపమంది. నర్సు ఆమెని పట్టుకుని బాత్రూం దాకా నడిపించి, గీతలు ఉన్న ప్లాస్టిక్ జగ్గు ఒకటి లోపల పెట్టి, తలుపు దగ్గరగా వేసింది. షాపాయన నడవలో గోడకి ఆనుకున్నాడు. లోపల పంపు చుక్కలు పడుతున్నాయి. పంపేనా, కాదా? చెవి తలుపుకి ఆనించబోయి ఆగిపోయాడు.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. అక్క నుదుటి మీద చెమట.

"వచ్చింది," అంది.

ఆ ఒక్క మాట వినడానికే అతను మూడు రోజులుగా కూర్చున్నాడు. విన్నాడు. కానీ అది లోపలికి దిగలేదు. నిజంగా వచ్చిందా, తన మొహం చూసి అందా? ఎంత వెతికినా తెలియలేదు. అక్క మాట తూచే తూకం అతని దగ్గర లేకుండా పోయింది.

నర్సు లోపలికి వెళ్లబోయింది.

"వచ్చిందంటోంది కదమ్మా," అన్నాడు, ఎందుకన్నాడో తెలియకుండానే.

"అంటారండీ. ఇంటికి పంపించేస్తామని ఆశపడి చాలామంది అంటారు. నేను చూడాలి."

అక్కని ఒకరు నమ్మకపోతుంటే అతను ఆమె ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఏదో అనబోయాడు.

"చూడనీరా," అంది అక్క, అతని మోచెయ్యి పట్టుకుని. "చూసి నమ్మడమే మంచిది. ఆ రోజు ఎవరైనా చూసుంటే బాగుండేది."

నర్సు జగ్గు బయటికి తెచ్చి కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. గీతలు లెక్కపెట్టడానికి ఒక కన్ను మూసింది. అతను తల తిప్పుకున్నాడు. అక్క తిప్పుకోలేదు.

"అరవై ఎమ్మెల్," అంది నర్సు. "తక్కువే. కానీ మీదే."

అక్క అతని మోచెయ్యి వదల్లేదు. "ఇంకో గ్లాసు నీళ్లు పొయ్యరా," అంది.

అతను పోశాడు.